మగ్గం గుంతలో కాలు, చేతిలో ఫోను

నేను ఎనిమిదో తరగతి చదివినవాణ్ణి. సొసైటీ లెక్కలు, నూలు పట్టీలు రాయడం తెలుసు గాని ఉపన్యాసాలు తెలియవు. సమాఖ్యవాళ్ళు "ఫోను పెట్టుకొని షుగరు జబ్బును ఎట్ల చూసుకోవచ్చో మీరే చెప్పల్ల సెక్రెటరీగారూ" అన్నారు. నన్నే ఎందుకు అడిగినారో మత్తూరువాళ్ళకు చెప్పే పనిలేదు. నా ఎడమ కాలికి చిటికెనవేలు లేదు.

ఆ కత ముందు చెప్పేస్తాను. నాకు షుగరు వచ్చి పదకొండేండ్లు. మాత్రలు వేసుకుంటా బాగానే ఉన్నాను. మూడేండ్ల కింద వాట్సాపులో ఒక వీడియో వచ్చింది. తెల్లకోటు వేసుకున్నాయన ఒకడు, కషాయం తాగితే నలభై దినాల్లో షుగరు వేరుతో సహా పోతుంది, మాత్రలు కిడ్నీని తినేస్తాయి, ఆపేయండి అన్నాడు. నేను నమ్మినాను. నమ్మి ఊరుకున్నా బాగుండు, దాన్ని సొసైటీ గ్రూపులో కూడా వేసినాను. సెక్రెటరీ పంపినాడు కదా అని మన వాళ్ళు ఇద్దరు మాత్రలు నిలిపేసినారు. ఆ ఇద్దరూ ఈ సభలోనే ఉన్నారు. వాళ్ళ ఇండ్లకు పోయి తప్పు ఒప్పుకున్నాను, ఇప్పుడు మైకులోనూ ఒప్పుకుంటున్నాను.

చక్కెర ఎక్కువై చాలా కాలం ఉంటే కాలి నరాలు మొద్దుబారుతాయంట. నాకు ఆ సంగతి తెలియదు. మనం గుంత మగ్గంలో ఉత్త కాళ్ళతో తొక్కేవాళ్ళం. తొక్కే కట్టెకు లేచిన పేడు నా వేలి కింద గుచ్చుకుంది. నొప్పి లేదు. మూడు దినాలు అట్లే నేసినాను. నాలుగో దినం మనవరాలు "తాతా, నువ్వు నడిచినచోటంతా నెత్తురు మరకలు" అంది. నా అరికాలు నేను వంగి చూసుకోలేను కదా, ఆ పాప ఫోనుతో ఫొటో తీసి చూపించింది. అప్పటికే వేలు నల్లబడింది. పెద్దాసుపత్రిలో చూస్తే చక్కెర 380. వేలు తీసేసినారు. కిడ్నీని పాడుచేసేది అదుపు తప్పిన చక్కెర గాని మాత్ర కాదయ్యా అని డాక్టరమ్మ నన్ను బాగా మందలించింది.

అదే ఫోను. ఒక వీడియో నా వేలు తీసింది, ఒక ఫొటో నా కాలు నిలిపింది. అందుకని ఫోను మంచిదా చెడ్డదా అని నన్ను అడగొద్దండి. దాంట్లో వచ్చేది ఎవరు పంపినారు, దాంట్లోనుంచి మనం పంపేది ఎవరికి పోతుంది, నేను ఇప్పుడు ఆ రెండే చూస్తాను.

ఇప్పుడు మా ఇంట్లో ఏం చేస్తామో చెప్తాను. రాత్రి పడుకునే ముందు మనవరాలు నా రెండు అరికాళ్ళు ఫొటో తీస్తుంది. నిన్నటి ఫొటో పక్కన పెట్టి చూస్తాము. పొక్కు, చీలిక, రంగు మారడం, ఏదున్నా తెలిసిపోతుంది. దీనికి ఏ ఆపూ అక్కర్లేదు, కాసూ ఖర్చు లేదు. ఇంట్లో పిల్లలు లేనివాళ్ళు ఫోనును నేలమీద పెట్టి కాలు పైన చూపినా పడుతుంది. మగ్గం దిగేటప్పుడు పాత గుడ్డ చెప్పులు వేసుకొని తొక్కడం కూడా అలవాటు చేసుకున్నాను. మొదట్లో అడుగు తప్పింది, పోగులు తెగినాయి. ఇప్పుడు సరిపోయింది.

రెండోది అంకెలు. వేలి కొన గుచ్చి చూసే మిషను ఇంట్లో ఉంటే, దాని అంకెను ఫొటో తీసి కొడుక్కో కూతురికో పంపండి. తేదీ, టైము ఫోనే వేసుకుంటుంది. డాక్టరు దగ్గరికి పోయినప్పుడు "పోయిన నెల ఎట్ల ఉండింది?" అంటే మనం "బాగానే ఉండింది సామీ" అంటాము. ఆ మాటతో డాక్టరు ఏం చేస్తాడు? ఇరవై ఫొటోలు చూపిస్తే మాత్ర పెంచాలా తగ్గించాలా ఆయనకే తెలుస్తుంది. మామూలుగా పరగడుపున 80 నుంచి 130 లోపల, తిన్న రెండు గంటలకు 180 లోపల ఉండాలంటారు. మీ వయసుకు, జబ్బుకు ఎంత ఉండాలో మీ డాక్టరునే అడగండి. 70 కంటే తగ్గితే ఇంకా ప్రమాదం. చెమట, వణుకు, కళ్ళు తిరగడం వస్తుంది. వెంటనే మూడు టీ స్పూన్ల చక్కెర నీళ్ళలో కలిపి తాగి, పదిహేను నిమిషాలకు మళ్ళీ చూసుకోవాలి. స్పృహ లేనివాళ్ళ నోట్లో మాత్రం ఏమీ పోయకూడదు, 108కి ఫోను చేయాలి.

ఇంకో మాట. అంకెల్ని సొసైటీ గ్రూపులో వేయొద్దు. ఒకామె పొరపాటున వేసింది. వారంలోపల కూతురి సంబంధం దగ్గర "మీ ఇంట్లో షుగరంట కదా" అన్నారు. అంకె పోవాల్సింది ఇంటివాళ్ళకు, నర్సమ్మకు, డాక్టరుకు. అంతే.

మూడోది భాష. మా ఇంట్లో మాట తెలుగు, మనవరాలు చదివేది తమిళం, ఆపులోపల ఉండేది ఇంగ్లీషు. మా ఆవిడకు ఏదీ చదవను రాదు. అందుకని మాత్రల టైముకు మనవరాలు తన గొంతుతోనే "అవ్వా, మాత్ర" అని రికార్డు చేసి అలారంలో పెట్టింది. గంట కొడితే లేవని ఆమె, మనవరాలి గొంతు వింటే లేస్తుంది.

ఇవి చిన్నపిల్లల ఆటలనుకోవద్దు. చెన్నైలో డాక్టర్ రామచంద్రన్ గారి బృందం షుగరు వచ్చే అంచున ఉన్న 537 మంది పనివాళ్ళను రెండేండ్లు చూసినారు. సగం మందికి తిండి గురించి, నడక గురించి ఫోనులో మెసేజీలు పంపినారు. మెసేజీలు రానివాళ్ళలో నూటికి 27 మందికి షుగరు వచ్చింది, వచ్చినవాళ్ళలో 18 మందికే. 2013లో అచ్చయిన లెక్క ఇది. అంతకుముందే, 2006లో, డాక్టర్ మోహన్ గారి వాళ్ళు చూనాంబేడు పక్కన 42 ఊళ్ళకు ఒక వ్యాను పంపినారు. ఆ వ్యానులో కంటి వెనక పొర ఫొటో తీసి ఇస్రో ఉపగ్రహం ద్వారా చెన్నైకి పంపితే అక్కడి డాక్టర్లు చూసేవాళ్ళు. పోగు పోగు చూసి అతికే మనకు కన్ను పోతే ఏముంది? ఏడాదికొకసారి ఆ కంటి పరీక్ష చేయించుకోండి, చూపు బాగున్నా సరే.

మన జిల్లాకు ఒక గొప్ప ఉంది. ఇంటికే వచ్చి బీపీ, షుగరు చూసి మాత్రలిచ్చే "మక్కళై తేడి మరుత్తువం" పథకాన్ని ముఖ్యమంత్రిగా స్టాలిన్ గారు 2021 ఆగస్టు 5న మన కృష్ణగిరి జిల్లా సామనపల్లిలోనే మొదలుపెట్టినారు. మీ వీధికి వచ్చే ఆ అమ్మ నెంబరు ఫోనులో వేసుకోండి. ఊరికి పోతే మాత్రలు ఎప్పుడు తీసుకోవాలో ముందే చెప్పొచ్చు. డాక్టరుతో మాట్లాడాలంటే కేంద్ర ప్రభుత్వం ఈ-సంజీవని ఉంది, 2020 ఏప్రిల్ నుంచి ఇంట్లోనుంచే వీడియోలో చూపించుకోవచ్చు, డబ్బులు అడగరు. అయితే కాలికి పుండు, ఛాతీలో నొప్పి, మాట తడబడటం, వీటికి వీడియో వద్దు, ఆసుపత్రికి పోవాలి.

సంగటి సంగతి కూడా అడుగుతారు. రాగి మంచిదే, కాని ముద్ద మీద ముద్ద తింటే అదీ చక్కెరే అవుతుంది. నేను రెండు ముద్దల్ని ఒకటి చేసి, ఆకుకూర పులుసు ఎక్కువ పోసుకుంటున్నాను. మామిడికాయల కాలంలో మాత్రం, నిజం చెప్పాలంటే, నా ఫొటోలు డాక్టరమ్మకు చూపించను సిగ్గుపడతాను.

షుగరు పూర్తిగా పోతుందని ప్రకటన వేయడమే నేరం. 1954లోనే చట్టం చేసినారు, ఆ పట్టికలో మధుమేహం పేరు ఉంది. కాబట్టి అట్లాంటి వీడియో వస్తే గ్రూపులో వేయకుండా తీసేయండి. మన గ్రూపులో ఇప్పుడు నేను వేయాలన్నా ముందు నర్సమ్మకు పంపి, ఆమె సరే అంటేనే వేస్తాను.

భోజనాలకు ఇంకా అరగంట ఉంది. ఆ వేపచెట్టు కింద మన పిల్లలు ముగ్గురు బల్ల వేసుకొని కూర్చున్నారు. మీ ఫోను ఇస్తే మాత్రల అలారం మీ ఇంటివాళ్ళ గొంతుతో పెట్టిస్తారు. చెప్పులు విప్పి అరికాలు కూడా ఒకసారి చూపించుకోండి. సెలవు.