పాలలో కల్తీని పట్టించు రంగులు
(పంచాయతి సభ్యుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)

పంచాయతి సభ్యులారా,

వానలు తప్పి వేరుసెనగ ఎండిన సంవత్సరములందు చిత్తూరు, తిరుపతి జిల్లాలలో అనేక కుటుంబములను నిలబెట్టునది పాడియే. పాలకేంద్రమునకు వచ్చు ఒక్క బిందెలో కల్తీ చేరినను ఊరందరి పాలకు చెడ్డపేరు వచ్చును. త్రాగు పసిబిడ్డలకు హాని కలుగును. అందుచే గ్రామముననే చేసికొనదగిన రెండు పరీక్షలను మీకు వివరింపగోరుచున్నాము.

నీరు కలిపిన పాలు పలుచనగును. లాక్టోమీటరునకు దొరకకుండుటకై కొందరు గంజిపిండియో, యూరియాయో చేర్చుదురు. ఇవి కంటికి కనబడవు. కాని తగిన సూచక ద్రవ్యము తగిలినచో రంగు మారి బయటపడును. ఇది మనకు క్రొత్త కాదు. సున్నము తగిలిన పసుపు ఎఱ్ఱనగునని పారాణి కలుపు ప్రతి ఇల్లాలికిని తెలియును.

గంజికి సూచకము అయోడిను. దీనిని 1811లో ఫ్రాన్సు దేశమున కూర్తువా అను రసాయనజ్ఞుడు సముద్రపు నాచు బూడిదనుండి కనుగొనెను. గంజి అణువులు చుట్టలు చుట్టుకొని యుండును. వాని నడుమ అయోడిను దూరినప్పుడు నీలిరంగు పుట్టును. 3 మిల్లీలీటర్ల పాలకు 5 మిల్లీలీటర్ల నీరు చేర్చి కాచి, బాగుగా చల్లార్చి, టింక్చరు అయోడిను 2 లేక 3 చుక్కలు వేయవలెను. నీలమైనచో గంజి కలదని తలంపవచ్చును. వేడిపాలలో ఆ నీలము నిలువదు గనుక చల్లార్చుట మరువరాదు.

యూరియాకు మన కందిపప్పే సాధనము. చెంచాడు పాలలో అరచెంచా పచ్చి కందిపిండి కలిపి, 5 నిమిషములైన పిదప ఎఱ్ఱ లిట్మసు కాగితమును అర నిమిషము ముంచవలెను. కందిలోని యూరియేసు అను పదార్థము యూరియాను విడగొట్టి అమ్మోనియాను పుట్టించును. అందుచే కాగితము నీలమగును. వేయించిన కందిపొడి ఇందుకు పనికిరాదు. వేడికి యూరియేసు నశించును.

ప్రతి పరీక్షయందును, మీ యెదుట పితికిన మంచి పాలను ప్రక్కనుంచి పోల్చి చూడుడు. పరీక్షించిన పాలను పారబోయుడు; అయోడిను సీసాను పిల్లలకు అందనీయకుడు.

ఈ పరీక్షలకు హద్దులు కలవు. పాలలో సహజముగనే కొంచెము యూరియా ఉండును. పసుపులో గంజి స్వభావసిద్ధము గనుక అక్కడ అయోడిను సాక్ష్యము చెల్లదు. నేతిలో కలిసిన పరాయి క్రొవ్వును అయోడిను చుక్క పట్టజాలదు. 2024 జూలైలో తిరుమలకు వచ్చిన నేతి నమూనాలు గుజరాతులోని ఆనందు నగరమునకు, జాతీయ పాడిపరిశ్రమ అభివృద్ధి మండలి ప్రయోగశాలకు పోయినది అట్టి పరీక్షలకే.

కావున రంగు మారినంతనే ఒక పాడిరైతును రచ్చబండవద్ద దోషిగా నిలుపరాదు. అది అనుమానమునకు ఆధారమే గాని తీర్పు కాదు. మరల పరీక్షించి, ఆహార భద్రతాధికారికి తెలుపుడు. 2006 నాటి ఆహార భద్రతా ప్రమాణముల చట్టము క్రింద, కొనుగోలుదారుడును రుసుము చెల్లించి ఆహార విశ్లేషకునిచే పరీక్ష చేయించుకొనవచ్చును.

ఒక సీసా అయోడిను, కొన్ని లిట్మసు కాగితములు, పిడికెడు కందిపిండి: వీనికగు వ్యయము స్వల్పము. వీనిని మీ పాలకేంద్రమున నేడే సిద్ధపరచుడు. త్రాగువారికి రక్షణయు, నిజాయితీగల రైతునకు గౌరవమును రెండును మీ చేతులలోనే యున్నవి.