గుల్లల పందెము



పాలకాయతిప్ప యొడ్డున పోటు తీసిన పిమ్మట పిల్లలు గుల్లలేరుకొని, ఎవనిది పెద్దది, ఎవనిది నునుపైనదని తగవులాడుట మనమెరిగినదే. గోదావరి సీమలో నిట్టి పందెమే పెద్దవారును ఆడిరి. అయితే వారి గుల్లలు రాతిలోనివి.

రాజమహేంద్రవరము చెంత కాతేరు, ఏటి కావలియొడ్డున పంగిడి, గౌరీపట్నము, దుద్దుకూరు గ్రామములందు నల్లరాతి గట్లు కలవు. అది ఒకనాడు కరగి పారి గడ్డకట్టిన అగ్నిశిల. దాని క్రిందను, నడుమను గుల్లలు నిండిన పొరలున్నవి. 1835లో ఉత్తర సర్కారులలో సంచరించిన బెంజా అను వైద్యుడు తన ప్రయాణవృత్తాంతమును 1837లో మద్రాసు పత్రికయందు ప్రకటించెను. మాల్కంసన్ అను వేరొక వైద్యుడు నిర్మల కొండలలోని నత్తగుల్లలను పరీక్షకు పంపగా, సొవర్బీ పండితుడు అందొకదానికి ప్రిన్సెప్ పేరు పెట్టెను. అశోకుని శాసనముల లిపిని చదివిన ప్రిన్సెప్ ఇతడే!

వీరిలో నెవరికిని రాళ్లు వృత్తి కాదు. నాగపూరులోని హిస్లాప్ మతబోధకుడు. అతడు 1860లో లండను భూగర్భశాస్త్ర సంఘపు పత్రికయందు ఈ గుల్లలను వర్ణించుచు, ఒకదానికి ఇలియట్ పేరును, వేరొకదానికి స్టాడర్డ్ పేరును పెట్టెను. ఈ ఇలియట్ 1845లో అమరావతి స్తూపమును త్రవ్వించిన దొరయే. హిస్లాప్ పురుగుల శిలారూపములను మరే అను నతనికిని, గింజంత చిప్పలను జోన్సునకును విడిచెను. తనకు పట్టుబడని విద్యను తెలిసినవానికి ఒప్పగించుట ఆనాటి పద్ధతి. నేడు మాత్రము అందరును అన్నియు తెలిసినవారే!

ఇక తీర్పు. దుద్దుకూరులో మరమేకువలె తిరిగిన టరిటెల్లా గుల్ల సముద్రపుది. నిర్మల, నాగపూరు నత్త మంచినీటిది. దాని చుట్టు ఎడమ వైపునకు. దక్షిణావర్తమని వేలు పోసి కొను శంఖపు చుట్టును ఇట్టిదే. శంఖములలో నట్టిది మిక్కిలి యరుదు. ఈ నత్తలలో నన్నియు నట్టివే. కావున అక్కడ చెరువు, ఇక్కడ కడలి యని రెండు గుల్లలే సాక్ష్యమిచ్చినవి.

కాలము విషయమున హిస్లాప్ తప్పెను. అతడు వానిని ఇయోసీన్ కాలమునకు చేర్చెను. 2008లో గర్టా కెల్లర్ బృందము సూక్ష్మదర్శినితో గాని కనబడని ఫొరామినిఫెరా గుల్లలను పరీక్షించి, ఆ నల్లరాతి తొలి ప్రవాహము రాక్షసబల్లులు నశించిన వేళకు, అనగా 6 కోట్ల 60 లక్షల ఏండ్ల నాటికి, ముగిసినదని నిర్ణయించెను. పందెము గెలిచినది అన్నిటికంటె చిన్న గుల్ల! నరసాపురపు వైపున చమురు సంస్థ త్రవ్విన లోతుబావులలోను ఆ నల్లరాయి తగిలినది. డెల్టా మట్టి దానిపై కప్పిన దుప్పటి.

అయితే ఆ పొరలు కంకర క్వారీలలో నున్నవి. క్వారీ లేనిచో పొర కనబడదు. క్వారీ సాగినచో పొర మిగులదు. కంకర కుప్పలోని గుల్ల, సర్వే నంబరు లేని దస్తావేజు వంటిది. ఎంత అందమైనదైనను కోర్టులో చెల్లదు. కావున ఆ దారిని పోవువారు గుల్ల దొరికినచో దానితో ఊరి పేరు, క్వారీ గుర్తు, నల్లరాతికి పైదో క్రిందిదో, తేదీ కాగితముపై వ్రాసి తేవలెను. గ్రంథాలయపు గాజు అలమరలో పాలకాయతిప్ప గుల్ల ప్రక్కన దానికి చోటున్నది.