ఉద్యోగం చేస్తూ వ్యాపారం: అమానతు, అనుగ్రహం

మొదటి ఖుత్బా

సర్వ స్తోత్రాలు సకల లోకాల ప్రభువైన అల్లాహ్‌కే శోభిస్తాయి. ఆయన మనల్ని పుట్టించాడు, మన ఉపాధిని తన బాధ్యతగా స్వీకరించాడు, దానిని సంపాదించుకునే మార్గాలలో ధర్మాధర్మాల హద్దులు స్పష్టం చేశాడు. అంతిమ దైవప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం) పైనా, ఆయన కుటుంబీకుల పైనా, సహచరుల పైనా అల్లాహ్ కారుణ్యం, శాంతి వర్షించుగాక!

ధార్మిక సోదరులారా! ముందుగా మీకూ, నాకూ నేను చేసే హితబోధ ఒక్కటే: అల్లాహ్ యెడల భయభక్తులు కలిగి ఉండండి. తఖ్వా అనేది మస్జిదు గుమ్మం దగ్గర చెప్పులతో పాటు విడిచి వెళ్ళేది కాదు. కార్యాలయంలో హాజరు పట్టీలో సంతకం చేసే చేతికీ, అంగడిలో తక్కెడ పట్టే చేతికీ అది తోడుగా ఉండాలి.

నేటి ప్రసంగాంశం అనేకమంది యువకులు జుమా నమాజు తర్వాత నన్ను అడుగుతున్న విషయమే. జీతం నెలాఖరు వరకు నిలవడం లేదు. ఇంటి అద్దె, పిల్లల ఫీజులు, తల్లిదండ్రుల మందులు, చెల్లెలి పెళ్ళి, అన్నీ ఆ ఒక్క జీతం మీదే ఆధారపడి ఉన్నాయి. అందుచేత ఒకరు ఉద్యోగం చేస్తూనే సాయంత్రాలు అత్తరు, ఖర్జూరాలు అమ్ముతున్నారు. ఒకరు ఇంట్లో బిర్యానీ వండించి ఆర్డర్ల మీద పంపుతున్నారు. మరొకరు సూరత్ నుంచి బట్టలు తెప్పించి ఫోను ద్వారా విక్రయిస్తున్నారు. ఇది ధర్మసమ్మతమేనా? అయితే దాని హద్దులేమిటి?

ఉపాధి అన్వేషణ ఆరాధనే

సోదరులారా! హలాల్ సంపాదన కోసం శ్రమించడాన్ని ఇస్లాం తక్కువగా చూడలేదు. జుముఅ సూరాలో అల్లాహ్ ఒక అందమైన క్రమాన్ని నేర్పాడు. శుక్రవారం నమాజు పిలుపు వినగానే క్రయవిక్రయాలు ఆపి పరుగున రమ్మన్నాడు. నమాజు ముగిశాక భూమిపై విస్తరించి తన అనుగ్రహాన్ని అన్వేషించమన్నాడు. మస్జిదు నుంచి అంగడికి వెళ్ళే దారిని కూడా ఆయనే చూపాడన్న మాట.

హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) మక్కాలో సమస్తం విడిచి వట్టి చేతులతో మదీనా చేరుకున్నారు. దైవప్రవక్త (సఅసం) ఆయనకూ, అన్సారీ అయిన హజ్రత్ సఅద్ బిన్ రబీ (రజి)కీ సోదర బంధం ఏర్పరచారు. సఅద్ (రజి) తన ఆస్తిలో సగం ఇవ్వజూపితే, ఆయన సఅద్‌ను దీవించి, ఇక్కడ అంగడి ఎక్కడుందో చూపించమని మాత్రమే అడిగారు. ఖైనుఖా అంగడికి వెళ్ళి నెయ్యితో, ఎండబెట్టిన పెరుగు గడ్డలతో వ్యాపారం మొదలుపెట్టారు. అంత చిన్న సరుకుతో ఆరంభించిన ఆయన సహాబాలలోని గొప్ప సంపన్నులలో ఒకరయ్యారు. ఆ సంపదను అల్లాహ్ మార్గంలో ధారపోశారు. కనుక చిన్నగా మొదలుపెట్టడానికి ఎవరూ సిగ్గుపడనవసరం లేదు.

అమ్ముడైన సమయం

అయితే అబ్దుర్రహ్మాన్ (రజి) అంగడికి వెళ్ళినప్పుడు ఆయన కాలమంతా ఆయనదే. ఉద్యోగి పరిస్థితి అది కాదు. ఇక్కడే మనం ఆగి ఆలోచించాలి.

ఫిఖహ్ శాస్త్రవేత్తలు పనివారిని రెండు విధాలుగా విభజించారు. మొదటివాడు 'అజీరె ముష్తరక్'. దర్జీ, చాకలి వంటివాడు. అతడు అమ్మేది పనిని. పదిమంది బట్టలు ఒకే రోజు కుట్టవచ్చు. పని పూర్తి చేసి ఇస్తే కూలి దక్కుతుంది. రెండవవాడు 'అజీరె ఖాస్'. నెల జీతం మీద ఒకరి దగ్గర కుదురుకున్నవాడు. అతడు అమ్మేది సమయాన్ని. నిర్ణీత వేళలలో తనను తాను యజమానికి అప్పగించుకున్నందుకే అతనికి జీతం. ఆ వేళల్లో యజమాని పని చెప్పకపోయినా జీతం ఇవ్వవలసిందే. అదే కారణంగా ఆ వేళల్లో అతడు వేరొకరి పని చేయరాదు. చేస్తే, చేసిన మేరకు అతని జీతం తగ్గుతుందని హనఫీ ఫిఖహ్ గ్రంథాలు చెబుతున్నాయి. ఫర్జ్ నమాజుకు పట్టే సమయం దీనికి మినహాయింపు.

ఒక యువకుడు నన్ను ఇలా అడిగాడు: "మౌలానా! ఆఫీసులో నాకప్పగించిన పని మధ్యాహ్నానికే అయిపోతుంది. ఆ తర్వాత ఖాళీగా కూర్చునే బదులు నా వ్యాపారం ఆర్డర్లు చూసుకుంటే ఎవరికి నష్టం?" ఈ ప్రశ్న నిజాయితీగా అడిగినదే. కాని నాయనా, ఆ ఖాళీ సమయానికి కూడా నువ్వు జీతం తీసుకుంటున్నావు కదా! యజమాని కొన్నది నీ పనిని మాత్రమే కాదు, నీ అందుబాటును కూడా. ఆయన దగ్గరకు వెళ్ళి, పని ముగిశాక ఇలా చేసుకోవచ్చునా అని అడుగు. అనుమతిస్తే నీకు హలాల్. అడగడానికి జంకు కలిగితే, ఆ జంకే నీ ప్రశ్నకు సమాధానం.

లెక్క కూడా చూద్దాం. రోజుకు 8 గంటల ఉద్యోగంలో ఒక గంట సొంత వ్యాపారానికి వాడుకునే వ్యక్తి, నెలకు 25 పనిదినాలలో 25 గంటలు తీసుకున్నట్లు. అంటే మూడు రోజులకు పైబడిన జీతం. ఎదుటివారి జేబులోంచి ఆ డబ్బు తీయమంటే అతని చేయి వణుకుతుంది. గంటల రూపంలో తీసేటప్పుడు మాత్రం వణకదు.

ముతఫ్ఫిఫీన్ సూరాలో అల్లాహ్ తూకంలో మోసగించేవారికి వినాశం ప్రకటించాడు. జనుల నుంచి తీసుకునేటప్పుడు నిండుగా తీసుకుని, ఇచ్చేటప్పుడు తగ్గించి ఇచ్చేవారని వారిని వర్ణించాడు. ఈ వాక్యాలు విన్నప్పుడు మనకు కిరాణా కొట్టు కాటా గుర్తొస్తుంది. జీతం పైసాతో సహా నిండుగా తీసుకుని, గంటలు తగ్గించి ఇచ్చే ఉద్యోగి చేతిలోనూ ఒక కాటా ఉంది. దానిని తూనికల అధికారి తనిఖీ చేయడు, అల్లాహ్ చేస్తాడు.

ఈ విషయంలో హజ్రత్ అబూబక్ర్ సిద్దీఖ్ (రజి) ఆదర్శం మన ముందుంది. ఆయన బట్టల వర్తకులు. ఖలీఫా బాధ్యత భుజాన పడ్డప్పుడు, తన వృత్తి తన కుటుంబ పోషణకు చాలినదేనని తన జాతి ఎరుగుననీ, ఇప్పుడు తాను ముస్లింల వ్యవహారాలలో నిమగ్నమయ్యాను గనుక తన కుటుంబం ఈ ధనం నుంచే తింటుందనీ, ప్రతిగా తాను వారికోసం పని చేస్తాననీ ప్రకటించారు. హజ్రత్ ఆయిషా (రజి) ఉల్లేఖించిన ఈ మాట సహీహ్ బుఖారీలో ఉంది. రెండూ కలిసి సాగవని తేలినప్పుడు ఆయన దొంగచాటుగా ఒకదానిని నడపలేదు. బహిరంగంగా ఒకదానిని వదిలి, రెండవదాని నుంచి అవసరానికి సరిపడా భృతి స్వీకరించారు.

ఒప్పందమూ, హోదా

అల్లాహ్ మాయిదా సూరాను ఒప్పందాలను నెరవేర్చమనే ఆదేశంతో ప్రారంభించాడు. నియామక పత్రం మీద మనం చేసిన సంతకం ఒక ఒప్పందమే. కొన్ని సంస్థలు ఇతర సంపాదనను అనుమతిస్తాయి, కొన్ని తెలియజేయమంటాయి, కొన్ని నిషేధిస్తాయి. 2022లో మన దేశంలోని ఒక పెద్ద సాఫ్ట్‌వేర్ సంస్థ, పోటీ సంస్థలకు కూడా పనిచేస్తున్నారన్న కారణంతో 300 మంది ఉద్యోగులను తొలగించిన సంగతి మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది.

ప్రభుత్వ ఉద్యోగుల విషయం మరింత స్పష్టం. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల 1964 నాటి ప్రవర్తనా నియమావళి ప్రకారం ముందస్తు అనుమతి లేకుండా వ్యాపారం చేయరాదు. కుటుంబ సభ్యులు వ్యాపారం చేస్తుంటే ఆ విషయం ప్రభుత్వానికి తెలియజేయాలి. రాష్ట్ర ఉద్యోగులకు వారి నియమావళి ఉంది. భార్య నిజంగా వ్యాపారం చేసుకుంటే అది ఆమె హక్కు, ఆ సంపాదన ఆమె సొత్తు. అయితే పేరు ఆమెది, నడిపేది భర్త అయినప్పుడు, కాగితం ఒక మాట, వాస్తవం ఒక మాట అవుతుంది. విశ్వాసి నాలుకకు రెండు మాటలు తగవు. గల్ఫ్ దేశాలలో ఉన్న మన బిడ్డలకు కూడా ఈ హెచ్చరిక అందజేయండి. వీసా మీద ఏ పని కోసం వెళ్ళారో ఆ దేశపు చట్టం చూసుకోకుండా, స్థానికుడి పేరు చాటున దుకాణం నడపడం సౌదీలో శిక్షార్హమైన నేరం. పరాయి దేశంలో జైలు పాలైతే ఇక్కడి కుటుంబం రోడ్డున పడుతుంది.

సోదరులారా! హోదాను పెట్టుబడిగా వాడుకోవడం ఇంతకంటే సూక్ష్మమైన విషయం. దైవప్రవక్త (సఅసం) ఇబ్నుల్ లుత్‌బియ్యా అనే వ్యక్తిని జకాత్ వసూలుకు పంపారు. అతడు తిరిగివచ్చి కొంత మీకనీ, కొంత తనకు కానుకగా వచ్చిందనీ చెప్పాడు. అప్పుడు ప్రవక్త (సఅసం) మింబర్‌పై నిలబడి, అతడు తన తల్లిదండ్రుల ఇంట్లో కూర్చుని ఉంటే ఆ కానుక వచ్చేదో లేదో చూసుకోవలసిందని తీవ్రంగా మందలించారు. ఈ ప్రశ్ననే మన వ్యాపారానికి వేసుకుందాం. నేను ఈ కుర్చీలో లేకపోతే ఈ గిరాకీ నా దగ్గరకు వచ్చేదా? తరగతిలో సగం చెప్పి, మిగతా సగం తన ట్యూషన్‌లో చెప్పే ఉపాధ్యాయుడు, పని మీద వచ్చినవారికి తన బీమా పాలసీ అంటగట్టే ఉద్యోగి, యజమాని దుకాణంలో పనిచేస్తూ ఆయన ఖాతాదారులను తన దుకాణానికి మళ్ళించుకునే గుమాస్తా, వీరందరూ ఈ ప్రశ్నకు జవాబు చెప్పుకోవాలి.

యజమాని ముస్లిమేతరుడనో, అది ప్రభుత్వ సొమ్మనో, పెద్ద కంపెనీకి ఇదొక లెక్కా అనో సర్దిచెప్పుకోకండి. మక్కా అవిశ్వాసులు దైవప్రవక్త (సఅసం) ప్రాణం తీయాలని కుట్ర పన్నిన సమయంలో సైతం వారి అమానతులు ఆయన దగ్గరే ఉన్నాయి. హిజ్రత్ చేస్తూ వాటిని ఎవరివి వారికి అప్పగించే పనిని ఆయన హజ్రత్ అలీ (రజి)కి అప్పగించారని చరిత్రకారులు వ్రాశారు. శత్రువుల అమానతు పట్ల ఆ జాగ్రత్త ఉంటే, మనకు నెలనెలా అన్నం పెట్టే యజమాని అమానతు పట్ల మనకెంత ఉండాలి!

పెట్టుబడి, భాగస్వామ్యం

ఇక పెట్టుబడి మాట. అల్లాహ్ వ్యాపారాన్ని ధర్మసమ్మతం చేసి వడ్డీని నిషేధించాడు. జీతం స్లిప్పు చూపించి వడ్డీ అప్పు తెచ్చి, రోజువారీ ఫైనాన్స్ చేతుల్లో పడి, చివరకు జీతమూ, వ్యాపారమూ రెండూ పోగొట్టుకున్నవారిని మీరు మీ వీధిలోనే చూసి ఉంటారు. ఉద్యోగికి అల్లాహ్ ఇచ్చిన ఒక సౌలభ్యం ఉంది: నెల తిరిగేసరికి జీతం వస్తుంది గనుక అతనికి తొందర లేదు. కొద్దికొద్దిగా పొదుపు చేసి, పోయినా కుటుంబం తట్టుకోగలిగినంత మొత్తంతోనే మొదలుపెట్టండి.

డబ్బు ఉండి సమయం లేనివారికి షరీఅత్ 'ముజారబత్' మార్గం చూపింది. ఒకరి పెట్టుబడి, మరొకరి శ్రమ. లాభం ముందుగా అనుకున్న వాటాల ప్రకారం. నష్టం వస్తే అది పెట్టుబడిదారుది, శ్రమించినవాడు తన శ్రమ కోల్పోతాడు. మీ పొరుగున పని తెలిసి పెట్టుబడి లేని నిరుద్యోగి ఉంటే అతనితో కలవండి. రెండు ఇళ్ళలో పొయ్యి వెలుగుతుంది. అయితే లాభనష్టాలతో నిమిత్తం లేకుండా లక్షకు నెలకింత ఇస్తామని చెప్పేవారిని, వారు ఎంత పెద్ద గడ్డంతో, ఎన్ని హలాల్ మాటలతో వచ్చినా, నమ్మకండి. ఇక ఇచ్చిపుచ్చుకునే ప్రతిదీ వ్రాసుకోండి. ఖుర్ఆన్‌లోని అతి దీర్ఘమైన వాక్యం అప్పును వ్రాసుకోవడం గురించే అవతరించింది. అన్నదమ్ముల మధ్య కాగితం ఎందుకన్న మర్యాదే తరువాత అన్నదమ్ములను కోర్టుకు లాగుతోంది.

రెండవ ఖుత్బా

అల్లాహ్‌కే సమస్త స్తోత్రాలు. ఆయన ప్రవక్తపై శాంతి కలుగుగాక!

సోదరులారా! రోజుకు 24 గంటలే. అందులో ఉద్యోగం వాటా పోగా మిగిలినదానిపై నీ ప్రభువుకు హక్కుంది, నీ దేహానికి హక్కుంది, నీ ఇల్లాలికీ హక్కుంది. హజ్రత్ సల్మాన్ ఫార్సీ (రజి) ఈ హక్కులను హజ్రత్ అబూదర్దా (రజి)కి గుర్తుచేస్తే, ప్రవక్త (సఅసం) సల్మాన్ మాట నిజమన్నారు. అక్కడ సందర్భం అధిక ఆరాధన. ఆరాధన కోసమే ఈ హక్కులను విస్మరించరాదంటే, అదనపు లాభం కోసం విస్మరించవచ్చునా? తండ్రి ముఖం ఆదివారం కూడా చూడని పిల్లలకు ఆ లాభంతో ఏం కొనిపెట్టగలం?

దీనికీ మార్గముంది. దైవప్రవక్త (సఅసం) తన సముదాయానికి ప్రాతఃకాలంలో శుభం కలగాలని దుఆ చేశారు. ఈ హదీసును ఉల్లేఖించిన హజ్రత్ సఖ్ర్ గామిదీ (రజి) స్వయంగా వర్తకులు. తన సరుకును ఉదయాన్నే పంపేవారు, సంపన్నులయ్యారు. ఫజ్ర్ నమాజుకూ ఆఫీసుకూ మధ్య రెండు గంటలున్నాయి. అవి పూర్తిగా మీవి. అర్ధరాత్రి వరకు ఫోను పట్టుకుని ఫజ్ర్ పోగొట్టుకునేవాడు నమాజునూ, ఆ శుభాన్నీ ఒకేసారి కోల్పోతున్నాడు.

యజమానులకు కూడా ఒక మాట. మీ పనివాడు ఎనిమిది గంటలు మీకిచ్చాక రాత్రి ఆటో నడుపుతున్నాడంటే, అతన్ని అనుమానించే ముందు మీరిచ్చే జీతాన్ని ఒకసారి చూడండి. శ్రామికుని చెమట ఆరకముందే కూలి చెల్లించమని మన ప్రవక్త (సఅసం) ఆదేశం. ఇమాములు, ముఅజ్జిన్‌లు ట్యూషన్ల మీద బతకవలసి వస్తున్న చోట మస్జిదు కమిటీలూ ఈ మాటను తమకు వర్తింపజేసుకోవాలి.

ఇంతవరకు ఎవరైనా ఉద్యోగ సమయాన్ని సొంతానికి వాడుకుని ఉంటే, అది దాసుల హక్కు. కేవలం తౌబాతో అది తీరదు. అదనంగా పనిచేసి ఆ గంటలు తీర్చండి. లేదా యజమానికి చెప్పి మన్నింపు పొందండి. అంగడి లాభంపై ఏడాది పూర్తయి నిసాబ్ చేరితే, సరుకు విలువతో సహా లెక్కగట్టి రెండున్నర శాతం జకాత్ తీయండి.

అల్లాహ్! మా ఉద్యోగాలలో మాకు విశ్వసనీయతను ప్రసాదించు. మా చిన్న చిన్న వ్యాపారాలలో బర్కత్ కలిగించు. అప్పుల భారంతో కుంగిపోతున్న మా సోదరులకు దారి చూపు. హలాల్‌ను మాకు చాలినదిగా చెయ్యి, హరామ్ అవసరం మాకు రానీయకు. మా పిల్లల నోటికి ఒక్క అధర్మమైన ముద్ద కూడా మా చేతుల మీదుగా చేరనీయకు. మా తల్లిదండ్రులను, సమస్త విశ్వాసులను క్షమించు. ఆమీన్.

సోదరులారా, లేవండి. వరుసలు సరిచేసుకోండి. నమాజు తర్వాత ఎవరి పనికి వారు వెళ్ళేటప్పుడు, ఆఫీసుకు తిరిగి చేరవలసిన వేళను మరచిపోకండి.