ఇంటి కంట్రాక్టరుతో ఒప్పందము

“ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు” అని మన పెద్దలు చెప్పిరి. ఈ రెంటిలో ఇంటిని ముందు చెప్పుటలో ఔచిత్యము లేకపోలేదు. పెండ్లి నిశ్చయించుటకు ముందు మనము పదిమందిని విచారింతుము. వరుని నడవడి, కుటుంబపు స్థితిగతులు, అప్పులు, ఆస్తులు అన్నియు కనుగొందుము. పెద్దలను కూర్చుండబెట్టి లగ్నపత్రిక వ్రాసికొందుము. జీవితమంతయు కూడబెట్టిన ధనమును ఇంటి కొఱకు ఒకరి చేతిలో పెట్టునప్పుడు మాత్రము తఱచుగా ఒక్క సాయంకాలపు సంభాషణతో సరిపెట్టుకొందుము. అక్కడ కాగితము లేదు, కొలత లేదు, సాక్షి లేడు.

విజయవాడనుండి మచిలీపట్టణమునకు పోవు రహదారిపై గుడివాడ బాట కలియు కూడలి పామర్రు. ఆ కూడలిలో నిలిచి, ఇల్లు కట్టుటకు మంచి మేస్త్రీ ఎవరని అడిగినచో పది పేర్లు వినవచ్చును. వారిలో లైసెన్సు ఎవరికి కలదని అడిగినచో మాత్రము సమాధానము దొఱకుట కష్టము. ఆ దోషము మేస్త్రీలది కాదు. సొంత స్థలములో సొంత ఇల్లు కట్టి యిచ్చువానికి పరీక్ష పెట్టి లైసెన్సు నిచ్చు ఏర్పాటు మనకు లేదు.

అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రములో ఇట్టి ఏర్పాటు 1929 నుండి కలదు. మన తెలుగు కుటుంబములు అనేకము అక్కడ స్థిరపడియున్నవి. అక్కడ కంట్రాక్టరు లైసెన్సు సంఖ్యను చూచి, అది చెల్లునదో కాదో గృహస్థు స్వయముగా తెలిసికొనవచ్చును. ఇంటి మరమ్మతులకు, మార్పులకు కంట్రాక్టరు తీసికొను బయానా ఒప్పందపు మొత్తములో నూటికి 10 వంతులను గాని 1,000 డాలర్లను గాని, ఏది తక్కువైన దానిని, మించరాదని అక్కడి శాసనము.

మనవద్ద లైసెన్సు అను మాట వేఱు వేఱు చోట్ల వినబడును. ప్రభుత్వపు పనులు చేయు కంట్రాక్టర్లు తరగతులవారీగా నమోదగుదురు. పట్టణములలో ప్లాను తయారుచేసి అనుమతికి సమర్పించు సాంకేతిక నిపుణులకు లైసెన్సు ఉండును. ఇండ్లు, ఫ్లాట్లు కట్టి అమ్మువారికి 2016 నాటి రియల్ ఎస్టేటు శాసనము వర్తించును. ఆ శాసనము ప్రకారము, ఇల్లు అప్పగించిన 5 సంవత్సరములలోగా కట్టడపు లోపము బయటపడినచో, అమ్మినవారే ఖర్చు లేకుండ బాగుచేయవలెను. మన స్థలములో మనము కట్టించుకొను ఇంటికి ఈ రక్షణ రాదు. కనుక శాసనము చేయని కాపలాను గృహస్థు తానే చేసికొనవలెను. అది ఎట్లో ఈ ప్రసంగములో మనవి చేయుదుము.

మొదటిది విచారణ. కంట్రాక్టరు క్రొత్తగా కట్టిన ఇంటిని చూపును. దానిని చూడుడు, కాని దానితో తృప్తిపడకుడు. గృహప్రవేశము నాడు అన్ని ఇండ్లును అందముగనే యుండును. ఐదేండ్ల క్రిందట కట్టిన ఇల్లు ఏదని అడుగుడు. సాధ్యమైనచో వానకాలములో వెళ్ళి చూడుడు. స్లాబు అడుగున చెమ్మ మరకలు, కిటికీ మూలలనుండి వాలుగా సాగిన బీటలు, గోడల మొదట పెచ్చులూడిన సున్నము కలవేమో గమనింపుడు. ఆ ఇంటివారిని మూడు ప్రశ్నలు అడుగుడు: చెప్పిన ధరకే ముగించెనా? నడుమ పని ఆపి మఱియొక చోటికి పోయెనా? ఇల్లు కారినప్పుడు పిలిచిన వచ్చెనా? మూడవ ప్రశ్నకు వచ్చు సమాధానమే అన్నిటికంటె విలువైనది.

రెండవది నేల. కృష్ణా డెల్టాలో నల్లరేగడి విస్తారము. ఈ మట్టి తడిసినప్పుడు ఉబ్బును, వేసవిలో కుంచించుకొని నెఱ్ఱెలు విచ్చును. పైనున్న పునాదిని ఏటేట ఎత్తి దించుచుండును. గోడలు బీటలువారుటకు ఇది ఒక ముఖ్యకారణము. ఇట్టి నేలల కొఱకే రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థవారు, అడుగున ఉబ్బెత్తుగా విస్తరించిన పైళ్ళ పద్ధతిని అభివృద్ధి చేసిరి. కంట్రాక్టరు ధర చెప్పుటకు ముందే మట్టిని పరీక్ష చేయించి, ఇంజనీరుచేత పునాది లోతును, విధమును నిర్ణయింపజేయవలెను. పునాది తెలియకుండ చెప్పిన ధర ఊహ మాత్రమే. గోతులు త్రవ్విన తరువాత ఆ ధర పెరుగును. అప్పుడు మనము కాదనలేము.

మూడవది ఒప్పందము. “చదరపు అడుగునకు ఇంత” యనుట మన ప్రాంతపు వాడుక. అందులోనే చిక్కు కలదు. 1,000 చదరపు అడుగుల ఇంటికి అడుగునకు 2,000 రూపాయల చొప్పున 20 లక్షలకు మాట అయినదనుకొందము. ముందున్న 100 చదరపు అడుగుల వసారాను లెక్కలో పూర్తిగా చేర్చవలెనా, సగమే చేర్చవలెనా? ఈ ఒక్క ప్రశ్నలో లక్ష రూపాయల భేదము కలదు. మెట్లు, పిట్టగోడ, సన్‌షేడు, నీళ్ళ సంపు, సెప్టిక్ ట్యాంకు, ప్రహరీ ఈ ధరలో చేరినవో లేదో పేరుపేరున వ్రాయవలెను. సిమెంటు, ఇనుము ఏ రకమో, గుమ్మములకు ఏ కఱ్ఱయో, పని ఎన్ని నెలలలో ముగియునో కూడ వ్రాయవలెను. మార్పులు గృహస్థులు కోరుదురు. అది సహజమే. కాని ప్రతి మార్పునకును దాని ఖర్చును, పట్టు దినములను అప్పటికప్పుడే వ్రాసి ఇరువురును సంతకములు చేయవలెను. ఇది కంట్రాక్టరునకును రక్షణయే. ఇంటివారు దినమునకొక మాట చెప్పి, ఆలస్యమునకు తనను నిందించుచున్నారని వాపోవు మేస్త్రీలను మేము ఎఱుగుదుము. వారి మాటలోను న్యాయము కలదు.

నాలుగవది ధనము. డబ్బు పనికంటె ముందు నడువరాదు. పై 20 లక్షలనే తీసికొందము. బయానా 2 లక్షలు, పునాది ముగిసి మట్టము వచ్చినప్పుడు 4 లక్షలు, కిటికీల పై మట్టమునకు 3 లక్షలు, స్లాబు వేసినప్పుడు 5 లక్షలు, పూత పనికి 3 లక్షలు, గచ్చు, తలుపులు, విద్యుత్తు ముగిసినప్పుడు 2 లక్షలు. మిగిలిన లక్షను ఒక వానకాలము గడచినదాక ఆపి, ఇల్లు కారనిచో ఇచ్చివేయవలెను. ప్రతి చెల్లింపునకును రసీదు ఉండవలెను. చేయవలసిన పని చేసినవానికి గడువు నాడే డబ్బు ముట్టజెప్పుటయు మన ధర్మము. కూలీలకు వారము తిరుగునప్పటికి డబ్బు అందనిచో పని చెడును.

ఐదవది మన కన్ను. కంట్రాక్టరుతో సంబంధము లేని ఇంజనీరు నొకనిని మనమే నియమించుకొని, పునాదికి, ఇనుము కట్టినప్పుడు, స్లాబు నాడు రప్పించవలెను. మిగిలిన దినములలో ఇంటివారే చాలుదురు. భారత ప్రమాణము ఐ.యస్. 456 ప్రకారము, 50 కిలోల బస్తా సిమెంటునకు, సాధారణమైన యం 20 కాంక్రీటులో నీరు 30 లీటర్లను మించరాదు. జారుగా ఉన్నచో సులభముగా పాఱునని నీరు ఎక్కువ పోయుదురు. పోసిన ప్రతి అధికపు బిందెయు స్లాబు బలమును తగ్గించును. కాంక్రీటును సాధారణ సిమెంటుతో వేసినచో కనీసము 7 దినములు, బూడిద కలిసిన సిమెంటుతో వేసినచో 10 దినములు తడిగా ఉంచవలెను. గృహిణి ఒక చిన్న పుస్తకములో ఏ దినమున ఎన్ని బస్తాలు వాడిరో, ఎన్నిమారులు తడిపిరో వ్రాసియుంచినచో, అంతకుమించిన సాక్ష్యము లేదు. 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెనను ఎఱిగిన జిల్లాకు ఇంటి బలము ఎట్టిదో వేఱుగ చెప్పనక్కఱలేదు.

ఇంత చేసినను వివాదము రావచ్చును. అప్పుడు దిక్కులేదనుకొనరాదు. గృహనిర్మాణము ఒక సేవయని 1993లో వినియోగదారుల శాసనమున చేర్చబడినది. లక్నో అభివృద్ధి సంస్థ కేసులో సుప్రీంకోర్టును అదే యేట ఆ భావమునే స్థిరపరచినది. 2019 నాటి క్రొత్త శాసనమునను గృహనిర్మాణము సేవయే. చెల్లించిన మొత్తము 50 లక్షలవఱకు ఉన్న వివాదములను 2021 నాటి నిబంధనల ప్రకారము జిల్లా కమిషను విచారించును. ఫిర్యాదు కారణము పుట్టిన 2 సంవత్సరములలోగా వేయవలెను. అయితే కమిషను ముందు నిలుచునది మన ఆవేదన కాదు. ఒప్పందము, రసీదులు, ఆ చిన్న పుస్తకము నిలుచును.

“మనవాడే కదా, వ్రాత ఎందుకు?” అని కొందఱు మొగమాటపడుదురు. మనవాడు గనుకనే వ్రాత కావలెను. పరాయివానితో తగవు వచ్చిన డబ్బు మాత్రమే పోవును. మనవానితో వచ్చినచో డబ్బును పోవును, రాకపోకలును పోవును. శంకుస్థాపనకు ముందు ఒక సాయంకాలము కంట్రాక్టరును ఇంటికి పిలిచి, కాఫీ యిచ్చి, ఇంటిల్లిపాదియు వినుచుండగా ఒప్పందమును మొదటినుండి చివరవఱకు బిగ్గరగా చదివించుడు. అర్థము కాని మాట ఎవరికి తోచినను అక్కడనే ఆగి అడుగుడు. ఆ తరువాతనే సంతకము, ఆ తరువాతనే బయానా.