చలానా మాఫీ అయినా లైసెన్సు మాట ఏమిటి?



మేడ్చల్ మీదుగా నాగపూర్ జాతీయ రహదారి, శామీర్‌పేట మీదుగా రాజీవ్ రహదారి పోతున్నాయి. మనలో చాలామంది బతుకు ఈ రెండు రోడ్ల మీదనే నడుస్తున్నది. ఆటో, లారీ తోలేవారికీ, ట్రాలీలో పండ్లు అమ్ముకునేవారికీ, మోటారు సైకిలు మీద ఫ్యాక్టరీకి పోయేవారికీ బండే ఆధారం. కనుక బండి కాయిదాల గురించి నాలుగు మాటలు మనవి చేస్తాం.

చలానా వస్తే మనం ఏమంటాం? "ఉండనీ భాయ్, మళ్ళీ రాయితీ ఇస్తారు, అప్పుడు కడదాం" అంటాం. ఈ మాట ఊరికే పుట్టలేదు. 2022 మార్చిలో ద్విచక్ర వాహనాల పాత చలానాల మీద 75 శాతం మాఫీ చేశారు. 2023 డిసెంబరు 26 నుంచి మళ్ళీ 80 శాతం మాఫీ ఇచ్చి, గడువును 2024 ఫిబ్రవరి 15 దాకా పొడిగించారు. దీనితో జరిమానా అంటే బేరమాడే సరుకు అన్న భావం మనలో పాతుకుపోయింది.

కాని జరిమానా వేరు, లైసెన్సు వేరు. కెమెరా చలానా బండి నంబరు మీద పడుతుంది. లైసెన్సు మీద పడే శిక్ష మనిషి వెంట వస్తుంది, దానికి రాయితీ లేదు. 2017 ఆగస్టు 1న మన రాష్ట్రంలో పాయింట్ల పద్ధతి తెచ్చినప్పుడు, 24 నెలల్లో 12 పాయింట్లు చేరితే ఏడాది పాటు లైసెన్సు నిలిపివేస్తామన్నారు. అంతకు ముందే 2015లో సుప్రీంకోర్టు నియమించిన రోడ్డు భద్రతా కమిటీ, తాగి నడిపినా, ఎర్రలైటు దాటినా, సెల్‌ఫోనులో మాట్లాడుతూ నడిపినా కనీసం 3 నెలలు లైసెన్సు ఆపాలని రాష్ట్రాలకు చెప్పింది. మూడు నెలలు ఆటో ఇంటి ముందు నిలబడితే ఫైనాన్సు కిస్తీ ఎవరు కడతారు? పిల్లల ఫీజు ఎక్కడి నుంచి వస్తుంది?

ఇంకొకటి. పాత బండి అమ్మి, సంతకాలు పెట్టి, పైసలు తీసుకుని మరిచిపోతాం. ఆర్.సి. పేరు మారేదాకా కొన్నవాడు చేసిన తప్పుకు చలానా మనకే వస్తుంది. అమ్మిన 14 రోజుల్లో ఆర్.టి.ఏ.కు తెలియజేయాలని చట్టమే చెబుతున్నది.

అన్నిటికంటే పెద్ద మాట పిల్లలది. పదో తరగతి పిల్లవాడు బండి తీస్తే "మావాడు భలే నడుపుతాడు" అని మురిసిపోతాం. 2019 సవరణ చట్టం ప్రకారం మైనరు బండి నడిపి నేరం చేస్తే, తండ్రికి గాని బండి యజమానికి గాని 3 ఏళ్ళ దాకా జైలు, 25 వేల రూపాయల జరిమానా. బండి రిజిస్ట్రేషను 12 నెలలు రద్దు. ఆ పిల్లవాడికి 25 ఏళ్ళు నిండేదాకా లైసెన్సు రాదు. డ్రైవరు కొలువే చేసుకుందామనుకున్న పిల్లవాడికి బతుకుతెరువు అక్కడే మూసుకుపోతుంది. లారీలు పోయే రోడ్డు మీద ప్రాణమే పోతే ఏ రాయితీ తెచ్చివ్వగలదు?

కాబట్టి పెద్దలారా, చలానా ఉంటే మాఫీ కోసం చూడక కట్టేద్దాం. అమ్మిన బండి పేరు మార్పిద్దాం. తాళంచెవి పిల్లల చేతికి అందకుండా పెడదాం.