ఒకే పంక్తిలో విద్య
(వసంత పంచమి నాడు దేవాలయ ప్రాంగణమున చేసిన ప్రసంగము)



నేడు ప్రాతఃకాలము నుండి ఈ మండపమున చిన్నారులకు అక్షరాభ్యాసములు జరుగుచున్నవి. పళ్లెములో బియ్యము పోసి, బిడ్డ వ్రేలు పట్టి తండ్రి ఓంకారము దిద్దించుచున్నాడు. ఈ బిడ్డకు చూపున్నదా, వినికిడి యున్నదా, నడక యున్నదా యని అర్చకులు ఎవరినీ అడుగుట లేదు. సరస్వతీదేవి సన్నిధిలో ఆ ప్రశ్నకు తావు లేదు. అయినను ఇచట అక్షరము దిద్దిన బిడ్డలలో కొందరు జూన్ మాసమున బడి గుమ్మము వద్దనే నిలిచిపోవుదురు. ఆ గుమ్మమును గూర్చి నాలుగు మాటలు మనవి చేయదలచితిమి.

మేము వేదపాఠశాలలో చేరి అరువది సంవత్సరములు దాటినవి. అచట మాతోపాటు చూపులేని బాలుడొకడు చదువుకొనెను. సంత చెప్పు విధానము మీరెరిగినదే. గురువు ఒకమారు పలుకును. శిష్యులు రెండుమారులు పలుకుదురు. పిదప వల్లె వేయుదురు. అందు కంటితో పని తక్కువ, చెవియే ద్వారము. ఆ బాలుడు మాకన్న ముందుగా పనస అప్పగించెడివాడు. కావ్యపాఠము వచ్చినప్పుడు మాత్రము పుస్తకము కావలసివచ్చెను. అతనికి చదివి వినిపించు పనిని గురువుగారు మాకు ఒప్పగించిరి. మా కాలము వ్యర్థమగుచున్నదని మొదట లోలోపల గొణుగుకొంటిమి. కొన్నాళ్లకు తెలిసినదేమన, అతనికి చదివి వినిపించిన శ్లోకములే మాకు స్థిరముగా నిలిచినవి. తక్కినవి మరచితిమి.

కాలక్రమమున మేమే అధ్యాపకులమైతిమి. తొమ్మిదేండ్ల బాలుడొకడు మావద్ద చేరెను. చివరి వరుసలో కూర్చుండెడివాడు. సంత చెప్పినప్పుడు హల్లులు జారవిడిచెడివాడు, స్వరము తప్పెడివాడు. కోపించితిమి, దండించితిమి. తుదకు ఒక సంవత్సరము గడచిన పిమ్మట వీడు మందబుద్ధి యని తండ్రికి చెప్పి ఇంటికి పంపివేసితిమి. చాలకాలమునకు ఒక వివాహములో ఆ తండ్రి మాకు కనబడెను. పిల్లవానికి రెండు చెవులలోను వినికిడి తక్కువయని వైద్యులు తేల్చిరట. వినికిడి యంత్రము పెట్టుకొని, మామూలు బడిలోనే మొదటి బల్లపై కూర్చుండి, పదవ తరగతి ఉత్తీర్ణుడాయెనట. ఆయన మాపై ఒక్క పరుషవాక్యమైనను పలుకలేదు. పలికియున్న మాకు కొంత ఉపశమనము కలిగెడిది.

ఆనాడు మేము అతనిని ఎదుట కూర్చుండబెట్టుకొని, మా పెదవుల కదలిక కనబడునట్లు పలికియున్న, అతనికి వేదము వచ్చియుండెడిదో లేదో చెప్పజాలము. కాని మందబుద్ధి యను మాట మాత్రము ఆ పసివానికి అంటియుండెడిది కాదు. చెవితో నేర్పు పద్ధతి చూపులేని బాలునికి ద్వారమైనది. అదియే వినికిడి లేని బాలునికి గోడయైనది. ఆ గోడను మేము చూడలేదు. బిడ్డ యందు లోపమును మాత్రమే చూచితిమి.

మహాభారతము వనపర్వమున అష్టావక్రుని వృత్తాంతము కలదు. తన అధ్యయనములోని దోషమును గర్భస్థ శిశువు ఎత్తిచూపగా, శిష్యుల నడుమ అవమానము కలిగెనని తండ్రియైన కహోడుడు కోపించి శపించెను. దేహము ఎనిమిది చోట్ల వంకర వోయెను. బోధించువాని కోపము బిడ్డనేమి చేయగలదో చూడుడు! అయినను ఆ బాలుడు ఉద్దాలక మహర్షి ఆశ్రమమున, మేనమామయైన శ్వేతకేతునితో కలసి పెరిగెను. వేరొక చోట దాచి పెంచలేదు. పండ్రెండవ యేట వారిరువురును కలసియే జనకుని యజ్ఞమునకు పోయిరి. బాలురకు ప్రవేశము లేదని ద్వారపాలకుడు అడ్డగించెను. ద్వారము తెరచుకొనిన పిదప, సభలో వందిని వాదమున గెలిచినది ఆ వంకర దేహముతోనే. సమంగా నదిలో మునిగి అంగములు చక్కబడినది ఆ తరువాతి మాట. దేహము చక్కబడిన పిదప రమ్మని జనకుడు చెప్పలేదు.

నేడు దేశశాసనము కూడ ఈ మాటయే చెప్పుచున్నది. 2016 సంవత్సరపు దివ్యాంగుల హక్కుల చట్టము 2017 ఏప్రిల్ 19 నుండి అమలులోనికి వచ్చినది. 1995 నాటి చట్టమున 7 విధములుగా నుండిన వైకల్యములు ఇందు 21 అయినవి. నూటికి 40 పాళ్లకు తక్కువ కాని వైకల్యముగల బిడ్డకు 6 మొదలు 18 సంవత్సరముల వరకు ఉచిత విద్య హక్కు. అది ఇంటి దగ్గరి బడిలోనైనను కావచ్చును, కోరుకొనిన ప్రత్యేక పాఠశాలలోనైనను కావచ్చును. భేదము చూపక చేర్చుకొనుట, భవనములోనికి సులభముగా పోవు దారి యేర్పరచుట, చూపులేనివారికిని వినికిడి లేనివారికిని తగిన లిపిలో, తగిన భాషలో, అనగా బ్రెయిలీతోను సైగలభాషతోను బోధించుట, పరీక్షలో అదనపు సమయమును వ్రాసిపెట్టు సహాయకుని ఇచ్చుట, ఇవియన్నియు అందు చెప్పబడినవి. ఇది దయతో వేయు భిక్ష కాదు. బిడ్డకు చెందవలసిన భాగము.

చట్టము గుమ్మము వరకు తీసికొనిపోగలదు. లోపల చోటు ఇయ్యవలసినవారు ఉపాధ్యాయులు. నల్లబల్లపై వ్రాయునప్పుడు వ్రాసినదానిని పైకి చదువుట, మాటలాడునప్పుడు తరగతివైపు ముఖము త్రిప్పుట, ఆలస్యముగా పలుకు బిడ్డకు మరి రెండు క్షణములు ఎదురుచూచుట, వీనికి ధనవ్యయము లేదు. బ్రెయిలీ పుస్తకములకు, సైగలభాష ఎరిగిన ఉపాధ్యాయులకు వ్యయమగును. అది పెట్టి తీరవలసిన వ్యయము. తమ పిల్లల చదువు వెనుకబడునని శంకించు తల్లిదండ్రులకు మా సహాధ్యాయి కథయే సమాధానము.

ఈ మండపమునకు ఎక్కుటకే తొమ్మిది మెట్లున్నవి. ప్రక్కన ఒక వాలుబాట నిర్మింపుడని ధర్మకర్తలను ప్రార్థించుచున్నాము. పరులకు చెప్పుటకు ముందు మన గుమ్మమును మనము చూచుకొనవలెను గదా!

ఆ బాలుడు నేడు నడివయసువాడై యుండును. ఈ మాటలు అచ్చై అతని చేతికి అందినచో, ఈ వృద్ధుని క్షమాపణగా స్వీకరించుగాక.

స్వస్తి.