మంచుకొండ వ్యాజ్యము – మన వీధి తీర్పులు



ఈ సాయంకాలము నేను ముచ్చటింపదలచినది న్యాయస్థానములను గూర్చి కాదు. వాని వెలుపల మనమందరము దినదినము చెప్పుచుండు తీర్పులను గూర్చి. నేను న్యాయవాదిని కాను. చిత్తూరు జిల్లా పల్లెలలో ముప్పది యేండ్లకు పైగా తెలుగు పండితుడనై పనిచేసి, ఇప్పుడు హైదరాబాదులో కుమారుని యింట కాలము గడుపుచున్నవాడను. మా యిల్లు జూబ్లీ హిల్స్ కొండకు దిగువను, కృష్ణానగరమున నున్నది. సినిమాలలో చిన్న వేషములు వేయువారును, దీపములు మోయువారును ప్రొద్దుననే వచ్చి పనికై కనిపెట్టుకొని యుండు చోటది. అచ్చటి టీ దుకాణము కడ అరగడియ నిలిచితిమా, కొండమీద ఏ మేడలో ఏమి జరిగినదో, ఏమి జరుగలేదో, అంతయు వినవచ్చును.

2023వ సంవత్సరము మార్చి మాసమున మా మనుమడు తన సెల్‌ఫోనులో నాకొక విచారణ చూపించెను. అమెరికాలో యూటా రాష్ట్రమున పార్క్ సిటీ యను పట్టణపు న్యాయస్థానమది. ప్రతివాది గ్వినెత్ పాల్ట్రో యను నటి. ఆస్కారు బహుమానము పొందినది. వాది డెబ్బదియారేండ్ల వృద్ధుడు; కండ్లు పరీక్షించు వృత్తినుండి విరమించినవాడు. 2016 ఫిబ్రవరి 26వ తేదీన డీర్ వ్యాలీ యను మంచుకొండ వాలున వీరిరువురును కాళ్లకు పొడవైన బద్దలు తగిలించుకొని జారుచుండగా ఒకరినొకరు ఢీకొనిరి. ఆ క్రీడకు స్కీయింగని పేరు. వృద్ధునకు ప్రక్కటెముకలు విరిగినవి. మెదడునకు దెబ్బ తగిలి తన బ్రతుకే మారిపోయినదని యాయన మొర. మొదట ముప్పదియొక్క లక్షల డాలర్లు కోరి, తుదకు మూడు లక్షలకు పైబడిన మొత్తము నష్టపరిహారముగా నడిగెను. ఆయనయే వెనుకనుండి వచ్చి తన్ను ఢీకొనెనని ఆమె యెదురు దావా వేసి, ఒక్క డాలరును, వ్యాజ్యపు ఖర్చులను మాత్రమే కోరెను.

తేలవలసిన సంగతి చిన్నది. ఆ క్రీడకొక నియమము కలదు. వాలున క్రిందుగా నున్నవానిది దారి; పైనుండి వచ్చువాడు తప్పుకొని పోవలెను. కావున ఢీకొన్న క్షణమున క్రింద నున్న దెవరు, మీద నున్న దెవరు? ఏడేండ్లు గడచిన పిదప ఆ యొక్క క్షణమును పట్టి చూపుటకై సాక్షులు వచ్చిరి, వైద్యులు వచ్చిరి, బొమ్మలు గీచి లెక్కలు గట్టువారు వచ్చిరి. మార్చి 30వ తేదీన జూరీలోని యెనమండుగురును, తప్పు నూటికి నూరుపాళ్లు వాదిదేయని తేల్చి, ఆమెకు ఒక్క డాలరు ఇప్పించిరి.

ఇది కోర్టులోని కథ. వెలుపలి కథ వేరు. టెలివిజనులో ఆ విచారణ ప్రసారమగుచున్నన్ని దినములును, లోకము చూచినది మంచువాలును కాదు, ఆమె తొడుగుకొని వచ్చిన ఉన్ని యంగీని. దాని వెల యెంత, ఆ రంగేమి, ఆ కూర్చుండు తీరేమి యని ప్రపంచమంతట చర్చ. నీకు కలిగిన నష్టమేమని వాది పక్షపు న్యాయవాది యడుగగా, సగము దినపు క్రీడ పోయినదని ఆమె బదులు చెప్పెను. ఆ మాట పట్టుకొని కొందరు నవ్విరి, కొందరు మండిపడిరి. వృద్ధుని గతి మరింత కష్టము. ధనవంతురాలు దొరికినదికదాయని గుంజుకొన వచ్చినవాడని ఆయనను పరిహసించినవారికి లెక్కలేదు. ఎముకలు విరిగినది నిజమే కదా యన్న మాట ఆ నవ్వులలో వినబడలేదు. తీర్పైన పిమ్మట ఆమె పోవుచుపోవుచు ఆయన చెంత వంగి, మీకు మేలగుగాక యని చెప్పినది. ఆ మాట మన్ననయా, ఎత్తిపొడుపా యని మరల రెండు పక్షములు! ఆ యేడు గడవకమునుపే లండనులో ఈ వ్యాజ్యము హాస్యనాటకమైనది. అందులో ప్రేక్షకులనే జూరీగా చేసిరట. ఇంతకంటె నిక్కమైన రంగాలంకరణ మరియొకటి లేదని నాకు తోచినది.

ఆ దినములలో నేనును మా మనుమనితో, "ఏమి మనుషులురా వీరు!" అని దూరదేశపువారిని చూచి నవ్వితిని. ఏడాదిన్నర తిరిగి కొన్ని మాసములు గడచునప్పటికి ఆ నవ్వు మా కొండకే వచ్చినది.

2024 డిసెంబరు 4వ తేదీ రాత్రి ఆర్టీసీ క్రాస్ రోడ్స్ కడ సంధ్యా థియేటరులో పుష్ప చిత్రపు రెండవ భాగమునకు ముందస్తు ప్రదర్శన. కథానాయకుడు శ్రీ అల్లు అర్జున్ అచ్చటికి వచ్చెను. జనము విరుచుకొని పడినది. ఆ త్రొక్కిడిలో ముప్పదియైదేండ్ల యిల్లాలొకతె ప్రాణము విడిచెను. ఆమె కుమారుడు, తొమ్మిదేండ్ల పసివాడు, ఊపిరి యందక స్పృహ తప్పి మాసముల తరబడి ఆసుపత్రిలో నుండెను. యూటాలోనిది ధనమునకై వేసిన సివిలు దావా. ఇచ్చటిది ప్రాణము పోయిన దుర్ఘటన, పోలీసులు పెట్టిన క్రిమినలు కేసు. రెండింటిని ఒక త్రాసులో తూచుట నా యుద్దేశము కాదు. తప్పెవరిదో, ఎవరిదెంతయో తేల్చుట కోర్టు పని. నేను చెప్పునది చూచువారిని గూర్చి.

డిసెంబరు 13వ తేదీన పోలీసులు జూబ్లీ హిల్స్‌లోని యింటికి వచ్చి ఆయనను తీసికొనిపోయిరి. నాంపల్లి కోర్టు పదునాలుగు దినముల రిమాండు విధించెను. ఆ సాయంకాలమే హైకోర్టు నాలుగు వారములకు మధ్యంతర బెయిలిచ్చెను. కాగితములు చేరునప్పటికి ప్రొద్దుపోయినందున ఆ రాత్రి చంచల్‌గూడ జైలులో గడపి మరునాటి యుదయమున ఆయన యిలు చేరెను. ఆ దినమున నేను టీ దుకాణము కడ నుంటిని. అచ్చట జరిగిన వాదమేమి? పోవుచు ఆయన చేతనున్న కాఫీ కప్పు, తొడుగుకొన్న చొక్కాపై నున్న తన చిత్రములోని మాట! అది ధైర్యమని యొకడు, అహంకారమని యొకడు. పార్క్ సిటీ ఉన్ని యంగీయే మా కృష్ణానగరమునకు నడచి వచ్చినట్లు నాకు తోచినది. థియేటరునకు వాకిళ్లెన్ని, ఎన్ని మూసియున్నవి, రాక సంగతి ఎవరికి ఎప్పుడు తెలిపిరి, ఎవరు అనుమతించిరి, ఎవరు వలదనిరి, ఈ ప్రశ్నలలో నొకటియైనను ఆ బెంచీమీద పుట్టలేదు. పుట్టియున్నను బదులు చెప్పగలవా డక్కడ లేడు. తీర్పు మాత్రము అందరికడ సిద్ధముగా నుండెను.

విడుదలయైన దినమున చిత్రసీమ ప్రముఖులు వరుసగా ఆ యింటికి పోయి పరామర్శించిరి. వారమైన పిదప, డిసెంబరు 21వ తేదీన, ముఖ్యమంత్రి శ్రీ రేవంత్ రెడ్డి శాసనసభలో, ఆసుపత్రిలోని బాలుని చూడబోవనివారు ఇచ్చటికేల బారులు తీరిరని ప్రశ్నించిరి. మరునాడు కొందరు ఆ యింటి యావరణలో జొరబడి పూలకుండీలు పగులగొట్టిరి, టమాటాలు విసరిరి. పూలకుండీలే నేరము చేసినట్లు! ఇటు అభిమానులు, తమ కథానాయకునకు కీడు తలపెట్టినవారిదే సర్వపాపమని సెల్‌ఫోనులలో శాపములు. ఈ రెండు కేకల నడుమ ఆ బాలుని పేరైనను మా వీధిలో సరిగా తెలిసినవా రెందరో నాకు సందేహము.

ధనపు సంగతి యొకటి కలదు. నటుడు, దర్శకుడు, నిర్మాతలు కలసి ఆ కుటుంబమునకు రెండు కోట్ల రూపాయలు ప్రకటించిరి. వెంటనే టీ దుకాణపు జూరీ రెండుగా చీలినది. ఇచ్చెను గనుక తప్పొప్పుకొనెనని కొందరు. ఇయ్యకున్నచో కఠినుడందుమని వారే. ఇచ్చినను నేరమే, ఇయ్యకున్నను నేరమే యగు చోట ఇచ్చుటకు అర్థమేమి మిగిలినది? మనదేశమున ఇట్టి సందర్భములలో ధనము సహాయమను పేర చేరుచుండును. దావా వేసి, లెక్క చూపి, హక్కుగా పుచ్చుకొనుట అరుదు. ఢిల్లీలో ఉపహార్ సినిమాహాలు 1997 జూన్ 13వ తేదీన అంటుకొని యేబదితొమ్మండుగురు మరణింపగా, వారి బంధువులు కోర్టుకెక్కిరి. పరిహారపు తుది తీర్పు సుప్రీంకోర్టునుండి 2011లో వచ్చినది. పదునాలుగేండ్లు! అంతకాలము కనిపెట్టుకొనలేని పేదవాడు దయగా నిచ్చినది పుచ్చుకొని యూరకుండక యేమిచేయగలడు? వీధి తీర్పు బలిసినది కోర్టు తీర్పు ఆలస్యమగుట చేతనే యని మా కుమారుడనును. ఆ మాటలో నిజము లేకపోలేదు. కాని వీధివాడు నాలుగు దినములైనను ఆగినట్లు నేను చూడలేదు.

మన పూర్వులు వ్యవహారమునకు, అనగా వ్యాజ్యమునకు, నాలుగు పాదములనిరి. వాది చెప్పుకొనునది భాషాపాదము. ప్రతివాది బదులు ఉత్తరపాదము. సాక్షులను, లేఖ్యములను చూచుట క్రియాపాదము. తుదకు తేల్చుట సాధ్యసిద్ధి. విజ్ఞానేశ్వరుని మితాక్షరను పదుమూడవ శతాబ్దముననే కేతన తెనుగుపద్యములలోనికి దెచ్చెను గనుక, ఈ ధర్మము సంస్కృతము రాని తెనుగువానికిని క్రొత్తది కాదు. వీధిలోని వ్యవహారము ఒంటికాలిపై గెంతును. భాష విన్నదే తడవుగా సాధ్యసిద్ధికి దూకును. ఉత్తరము వినుట కోపిక లేదు. క్రియ యున్నదనియే యెరుగదు.

ఇది సెల్‌ఫోనుల కాలపు తెగులని తలపరాదు. తెలుగు చిత్రములును మద్రాసున తయారగుచుండిన దినములలో, 1944లో, అచ్చట లక్ష్మీకాంతన్ అను పత్రికా సంపాదకుడు హత్య గావింపబడెను. ఆ కేసులో త్యాగరాజ భాగవతరు, ఎన్. ఎస్. కృష్ణన్ అను ప్రసిద్ధ నటు లిరువురకును శిక్షపడెను. ప్రీవీ కౌన్సిలు దాక పోయి, 1947లో వారు నిర్దోషులై విడుదలయైరి. కోర్టు ఇరువురకు నొకే తీర్పు చెప్పినది. ప్రేక్షకులు రెండు తీర్పులు చెప్పిరి. కృష్ణన్‌ను మరల నెత్తిన బెట్టుకొనిరి. భాగవతరునకు పూర్వపు వైభవము తిరిగి రాలేదు. ఏ సాక్ష్యము వలన ఈ భేదము వచ్చెనో చెప్పువారు లేరు.

ఇంతవరకు ఇతరులను చెప్పితిని. ఇక నా సంగతి చెప్పవలెను. చెప్పుటకే ఈ ప్రసంగమునకు ఒప్పుకొంటిని.

1988 ప్రాంతమున నేను శ్రీకాళహస్తి దిక్కున నొక పల్లెలో పనిచేయుచుంటిని. మన పిల్లలకు మంచుకొండలు లేవు. చెరువుకట్ట యున్నది, తాటిమట్ట యున్నది. వానపడి కట్ట నునుపెక్కినప్పుడు తాటిమట్టపై కూర్చుండి జర్రున జారుట వారి వేడుక. ఒకనాడు మధ్యాహ్నపు విరామమున ఇరువురు బాలురు ఢీకొనిరి. ఒకడు బియ్యపు మిల్లు యజమాని కొడుకు. ఒకడు ఆ మిల్లులోనే బస్తాలు మోయువాని కొడుకు. కూలివాని కొడుకునకు మోచేయి విరిగినది. ఏడ్చుచున్న వానిని చూచితిని. ప్రక్కన గీతయైన పడక నిలుచుండిన మిల్లువారి బాలుని చూచితిని, వాని యిస్త్రీ చొక్కా చూచితిని. అంతే. "కలిగినవాడవని కన్ను గానవా?" యని బెత్తము విరుగునట్లు కొట్టితిని. వాడేదో చెప్పబోయెను, నోరు మూయుమంటిని. కలిమిగలవానిని కొట్టి పేదపక్షము నిలిచితినని ఆ రాత్రి నాకు గర్వముగా కూడ నుండెను. మిల్లు యజమాని ఒక్క మాటయనక, ఆ పిల్లవానిని పుత్తూరు తీసికొనిపోయి కట్టు కట్టించి ఖర్చంతయు పెట్టుకొనెను. ఊరంతయు నన్నది: తప్పు తమది గనుకనే పెట్టుకొనిరని.

నేను విరమించిన దినమున జరిగిన సన్మానమునకు కూలివాని కొడుకు వచ్చెను. ఇప్పుడు లారీ నడుపుచున్నాడు. మోచేయి నేటికిని కొంచెము వంకరయే. అందరును పోయినపిదప నా కడ కూర్చుండి నవ్వుచు ననెను: "అయ్యవారూ, ఆ దినం పైనుంచి వచ్చింది నేనే. వాడు కింద నిలబడి మట్ట సర్దుకుంటా ఉన్నాడు. నేనే పోయి గుద్దినా." మరి అప్పుడేల చెప్పలేదురా యంటిని. "మీరు నన్ను అడగలేదు కదయ్యా. చెయ్యి నొప్పి. అడిగివుంటే చెప్పివుందునేమో."

ముప్పదియేండ్లలో మట్ట జారినవా రెందరినో కొట్టితిని. ఈ యొక్క దెబ్బయే నా చేతికి మిగిలినది. మిల్లువారి కుమారు డిప్పుడు బెంగుళూరున నున్నాడని విచారించి తెలిసికొని, జరిగినదంతయు వ్రాసి, పొరబడితినని యుత్తరము వేసితిని. పదునైదు దినములకు బదులు వచ్చినది. నా యారోగ్యమడిగెను, తన పిల్లల చదువులు వ్రాసెను, ఆ చెరువిప్పుడు సగము పూడినదని వ్రాసెను. అడుగున, సంతకమునకు పైన, ఒక్క పంక్తి: "ఆ దినము ఇంటికి పోయినప్పుడు మా నాయన కూడ నన్ను అడుగలేదండి."